పెట్టుకుంటే పట్టుకుంటారు

"నవ్వకూడదండీ," అన్నాడు ఫొటో అబ్బాయి. అప్పటికి మూడుసార్లు అన్నాడు ఆ మాట.

ఆ అమ్మాయి పెదాలు బిగించింది. జుట్టు చెవుల వెనక్కి తోసుకుంది. గోడమీద బోర్డులో చూపించినట్టే గడ్డం నిటారుగా పెట్టింది. అంతా బాగానే ఉంది. అతను కెమెరా వెనక్కి వెళ్ళి ఒక కన్ను మూశాడో లేదో, పెదవి చివర వణికి, లోపల దాచిన నవ్వు కాస్తా బయటపడిపోయింది.

అతను కెమెరా దించాడు. కౌంటర్ దగ్గర ఫొటోలు కత్తిరిస్తున్న వాళ్ళమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఈ పిల్లకి నా మొహంలో ఏం కనిపించిందో, తెగ నవ్వుతోంది. పిచ్చిదేమో," అన్నాడు తెలుగులో. వాళ్ళు అక్కడ షాపు పెట్టి నెల కూడా కాలేదు, ఈ ఊళ్ళో తెలుగు ఎవరికి తెలుస్తుందిలే అని అతని ధైర్యం.

"మొహంలో ఏమీ లేదు," అంది ఆ అమ్మాయి, తెలుగులోనే. "మీ చొక్కా రెండో బొత్తాం దారం తెగి వేలాడుతోంది. ఇంకో రెండు ఫొటోలు తీసేసరికి రాలిపోతుంది. పిచ్చిదాన్ని కాబట్టి ముందే చెబుతున్నా."

వాళ్ళమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. అదృష్టం, కెమెరా అటువైపు లేదు.

"క్షమించండి," అన్నాడు.

"ఇటు రండి."

"ఎందుకు?"

"కొట్టడానికి కాదు. బొత్తాం కుట్టడానికి."

బ్యాగు పట్టీకి గుచ్చి ఉన్న సూది తీసింది. దారం నోటితో తెంపి, అతను ఊపిరి బిగబట్టి నిలబడి ఉండగానే, నాలుగు కుట్లు వేసి ముడేసింది. ఇంత దగ్గరగా ఒక అమ్మాయి నిలబడితే ఊపిరి ఎలా పీల్చుకోవాలో అతనికి ఎవరూ చెప్పలేదు. ఫొటో మాత్రం నవ్వుతోనే వచ్చింది. ఎన్నిసార్లు తీసినా అంతే. చివరికి ఉన్నవాటిలో తక్కువ నవ్వున్నది చూసి ఇచ్చాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ అమ్మాయికి అప్పుడు నవ్వు రాలేదు. భయమేసింది.

అందరికీ భయమేస్తే ఏడుపొస్తుంది, ఆ అమ్మాయికి నవ్వొస్తుంది. పుట్టుకతో వచ్చిన గుణం. చిన్నప్పుడు కుక్క వెంటపడితే నవ్వుతూనే పరుగెత్తింది. ఆడుకుంటోంది కాబోలు అనుకుని ఎవరూ కుక్కని అదిలించలేదు. ఇప్పుడు వెంటపడేది కుక్క కాదు, ఇమ్మిగ్రేషన్ ఆఫీసు. ఆ ఫొటోలు అక్కడ ఇవ్వడానికే.

వీధిలో అందరూ ఆమెని జిప్పులమ్మాయి అంటారు. వాళ్ళ పిన్నికి మూల మలుపులో బట్టలు బాగుచేసే షాపుంది. ప్యాంటు పొడవు తగ్గించాలన్నా, కోటు లైనింగ్ మార్చాలన్నా పిన్ని దగ్గరికి వెళ్ళాలి. జిప్పు మాత్రం ఆ అమ్మాయే చూడాలి.

అమ్మ పోయాక పిన్నే ఆమెని ఈ దేశానికి తెచ్చుకుంది. వచ్చేటప్పుడు కాగితాల్లో 'సంబంధం' అన్న చోట బాబాయ్ 'కూతురు' అని రాశాడు. మోసం చేద్దామని కాదు. అక్క కూతురు కూతురు కాక మరేమవుతుంది? మన లెక్కలో అంతే కదా.

ఆఫీసు లెక్క వేరు. కొన్నేళ్ళకి పిన్నికీ బాబాయ్‌కీ ఇక్కడే ఉండిపోవడానికి పర్మనెంట్ కార్డులు వచ్చే వేళకి, కూతురి పుట్టిన సర్టిఫికెట్ తెమ్మన్నారు. అందులో తల్లి పేరు దగ్గర పిన్ని పేరు ఎలా ఉంటుంది? పిన్నికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఈ పిల్లది తరవాత చూద్దాంలెమ్మని ఆమె పేరు పక్కన పెట్టేసి, తమ పని కానిచ్చుకుంది. ఆ తరవాత అనేది రానే లేదు. స్కూలు అయ్యాక కాలేజీవాళ్ళు కార్డు అడిగారు. కార్డు లేదు. చదువు అక్కడితో ఆగిపోయింది.

చిన్నప్పుడు వచ్చి ఇక్కడే పెరిగినవాళ్ళు సొంతంగా కార్డుకి అర్జీ పెట్టుకోవచ్చని రూలు వచ్చి చాలా రోజులే అయింది. ఆ మాట ఎత్తితే చాలు, పిన్ని మెడలో టేపు సర్దుకుంటూ ఒకటే పాట:

"పెట్టుకుంటే పట్టుకుంటారే తల్లీ. మనం అబద్ధం రాశాం. ఇంతకాలం ఎవరి కంటా పడకుండా ఉన్నాం. చేతులారా వెళ్ళి పులి నోట్లో తల పెట్టడం ఎందుకు? మూడో వీధి ఆయన్ని ఏం చేశారో చూశావుగా."

మూడో వీధి ఆయన్ని వెనక్కి పంపేశారు. అంతవరకే ఎవరికైనా తెలుసు. ఎందుకో ఎవరూ అడగలేదు. భయానికి వివరాలు అక్కర్లేదు.

అందుకని ఫొటోలు తీయించుకోవడం, కుట్టుమిషన్ బాబిన్ల డబ్బా అడుగున పెట్టడం, రేపు వెళదాం అనుకోవడం. ఫొటో ఆర్నెల్లు దాటితే చెల్లదు. రేపు వచ్చేలోపల ఆర్నెల్లు గడిచిపోయాయి.

"మీరే కదా బొత్తామమ్మాయి," అన్నాడు అతను రెండోసారి వెళ్ళినప్పుడు. చొక్కా అదే. బొత్తాం గట్టిగానే ఉంది.

"మళ్ళీ అదే ఫొటో కావాలి."

"పాతవి ఏమయ్యాయి?"

"పాతబడ్డాయి."

"వాడారా?"

"లేదు."

"మరి ఎందుకు తీయించుకున్నారు?"

"వాడదామని."

అతను తల గోక్కుని కెమెరా వెనక్కి వెళ్ళాడు. "నవ్వకూడదండీ," అన్నాడు. ఆమె నవ్వింది. ఈసారి అతనూ నవ్వాడు. కెమెరా ఊగి ఒక ఫొటో చెడిపోయింది. దాన్ని అతను తుడిచెయ్యలేదు. ఆ సంగతి అప్పటికి ఆమెకి తెలియదు.

మూడోసారి వెళ్ళిన రోజు వాన. గొడుగు లేకుండా వెళ్ళింది. తడిసిన జుట్టుని వాళ్ళమ్మ తువ్వాలుతో తుడుస్తూ, మనసులో ఎన్నాళ్ళ నుంచి దాచుకుందో, మెల్లగా అందుకుంది.

"అమ్మాయ్, ఏమనుకోకు. నీ మొహం ఇప్పటికి ఎన్ని కాపీలు కత్తిరించానో, నా కూతురి మొహం కన్నా నాకు అదే బాగా తెలుసు. అందుకే చనువుగా చెబుతున్నా. సంబంధాలకి ఇలాంటి ఫొటోలు పంపకూడదు."

"ఏ సంబంధాలకండీ?"

"చెవులు రెండూ బయటపెట్టి, వెనక తెల్లగోడ పెట్టి తీస్తే, చూసినవాడు ఈ పిల్ల ఏం నేరం చేసిందా అనుకుంటాడు గానీ పెళ్ళి చేసుకుందామనుకుంటాడా? ఇన్నిసార్లు కుదరలేదంటే తప్పు నీది కాదమ్మా, ఫొటోది. మావాడితో చెప్పి చీరలో నిలువు ఫొటో ఒకటి తీయిస్తా."

అబ్బాయి లెన్సు తుడుస్తున్నాడు. ఆ లెన్సు పొద్దున్నుంచి తుడుస్తూనే ఉన్నాడు, దానిమీద మచ్చ కూడా లేదు.

"మీరూ అదే అనుకుంటున్నారా?" అని అడిగింది అతన్ని.

"నేనేం అనుకోలేదు. ఎవరో అదృష్టం లేనివాళ్ళు వద్దంటున్నారు అనుకున్నా. అనుకుని, కొంచెం... పోనీలెండి."

ఆమెకి ఈసారి నిజంగానే నవ్వొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. లేచి బయటికి వచ్చేసింది. వానకి వీధి దాటలేక పక్కషాపు చూరు కింద ఆగింది. గొడుగు పట్టుకుని అతను పరుగున వచ్చాడు. గొడుగు తెరవడం మర్చిపోయి నిలువెల్లా తడిసి వచ్చాడు.

"తెరిస్తే బాగా పనిచేస్తుందది," అంది.

"మా అమ్మ తరఫున సారీ చెప్పడానికి వచ్చా."

"ఆ ఫొటోలు పెళ్ళికొడుక్కి కాదు. ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి."

"అయితే సంబంధాలు చూడట్లేదా?"

"నేను చెప్పినదాంట్లో మీకు వినిపించింది అదొక్కటేనా?"

అతను తల దించుకున్నాడు. దించుకున్న తలలోంచే సంతోషం కనిపిస్తోంది. తరవాత చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. కూతురు అని రాసిన మాట, ఆగిపోయిన చదువు, బాబిన్ల డబ్బా, పిన్ని పాట, అన్నీ. చెబుతున్నంతసేపూ నవ్వుతూనే ఉంది. అతను మాత్రం నవ్వలేదు.

"భయమేస్తే నవ్వొస్తుందా మీకు?"

"ఊఁ."

"ముందే చెప్పొచ్చు కదా. ఇన్నాళ్ళూ అద్దం ముందు నిలబడి నా మొహంలో ఏముందా అని వెతుక్కుంటున్నా."

"దొరికిందా?"

"ముక్కు కొంచెం వంకర. అది సరే గానీ, లైబ్రరీ మేడమీద శనివారాలు ఒక లాయరమ్మ కూర్చుంటుంది. ఇలాంటివాళ్ళకి ఊరికే సలహా చెబుతుంది. ఈ శనివారం వెళ్ళండి."

"ఈ శనివారం షాపులో పనుంది."

"వచ్చే శనివారం?"

"చూద్దాం."

"ఆ చూద్దాం నాకు బాగా తెలుసండీ. నేనూ ఒక విషయంలో రోజూ అదే అనుకుంటున్నా."

"ఏ విషయం?"

"చూద్దాం," అన్నాడు. గొడుగు ఆమె చేతిలో పెట్టి, వానలో తడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు షాపుకి వచ్చాడు. చేతిలో జాకెట్టు. జిప్పు ఇరుక్కుందట. ఎలా ఇరుక్కుందో చూస్తే తెలిసిపోతోంది, ఎవరో పనిగట్టుకుని లైనింగ్ గుడ్డ అందులో కూరారు. ఆమె మిషన్ మీది లైటు దగ్గరికి లాక్కుంది.

"గట్టిగా లాగితే వచ్చేస్తుందనుకున్నా," అన్నాడు.

"అందరూ అలాగే అనుకుంటారు. ఇరుక్కున్న జిప్పుని ముందుకి లాగకూడదు. ముందు రన్నర్‌ని కాస్త వెనక్కి తేవాలి. చిక్కుకున్న గుడ్డ తియ్యాలి. అప్పుడు దానంతట అదే ముందుకి పోతుంది." చెబుతూనే చేసేసింది. జిప్పు సర్రున పైకి పోయింది.

కర్టెన్ వెనక నుంచి పిన్ని సైగ చేసింది. లోపలికి వెళితే చెవిలో గుసగుస. "ఎవరే ఈ అబ్బాయి? ఫొటో షాపువాళ్ళబ్బాయేగా? వాళ్ళకి కార్డులు పక్కా. ఇతన్ని చేసుకుంటే ఏ ఆఫీసుకీ పోనక్కర్లేదు. నీ కార్డు దానంతట అదే వస్తుంది. చూపు కూడా నీ మీదే ఉంది, చూశాను."

"పిన్నీ, గట్టిగా మాట్లాడకు."

కర్టెన్ అంటే గుడ్డే కదా, గోడ కాదు. బయట నిలబడినవాడికి అన్నీ వినిపించాయి. విని ఊరుకున్నా బాగుండేది. తానూ నిన్నటినుంచీ అదే ఆలోచిస్తున్నాడు కనక, ఆమె బయటికి రాగానే తెగించేశాడు.

"మీ పిన్నిగారు చెప్పింది నిజమే. మనం పెళ్ళి చేసుకుంటే మీ సమస్య తీరిపోతుంది."

కర్టెన్ వెనక పిన్ని చెవి రిక్కించింది.

"సమస్య తీర్చడానికి మీరెవరండీ, ప్లంబరా?" అంది ఆమె. మొహంలో నవ్వు జాడ కూడా లేదు. "నా కార్డు కోసం మిమ్మల్ని కట్టుకుంటే, రేపు మనం ఉప్పు దగ్గర పోట్లాడుకున్నా నాకు అదే గుర్తొస్తుంది. మీకూ గుర్తొస్తుంది. ఊరివాళ్ళకి సరేసరి. కార్డు కోసం చేసుకుందంటారు, నేను కాదనలేను."

"నా ఉద్దేశం అది కాదు."

"జాకెట్టు అయిపోయింది. తీసుకెళ్ళండి."

అతను తీసుకెళ్ళాడు. గుమ్మం తగిలి తూలి, మళ్ళీ సర్దుకుని వెళ్ళాడు.

"బంగారంలాంటి సంబంధం," అంది పిన్ని కర్టెన్ తీసి.

"శనివారం నేను లైబ్రరీకి వెళుతున్నా," అంది ఆమె.

అదేం చిత్రమో, ఏళ్ళ తరబడి కదలని కాళ్ళు ఆ శనివారం టకటకా మేడమెట్లు ఎక్కేశాయి. మెట్ల మలుపులో మాత్రం ఒకసారి ఆగింది. కోపం లేకపోతే అక్కణ్ణించే వెనక్కి వచ్చేసేది. మనసులో అతన్ని ఇంకో రెండు మాటలు అనుకుని మిగతా మెట్లు ఎక్కింది.

లాయరమ్మ వయసు మళ్ళిన మనిషి. కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని అంతా వింది. కూతురు అని రాసిన చోట రెండుసార్లు చెప్పించుకుంది.

"మీ భాషలో అమ్మ చెల్లెల్ని ఏమంటారు?"

"పిన్ని. చిన్నమ్మ అని కూడా అంటాం."

"అంటే?"

"చిన్న అమ్మ." ఆ మాటని విడదీసి చెప్పడం ఆమెకి అదే మొదటిసారి.

లాయరమ్మ కళ్ళజోడు తీసింది. "అమ్మ అనే మాట అందులోనే ఉందన్నమాట. అయితే ఆమె నిన్ను ఏమంటుంది?"

"కూతురనే. వేరే మాట లేదు."

"ఇది ముందు మనమే చెప్పాలి. పాత కాగితంలో ఇలా రాశాం, మా వాడుకలో ఇందుకు రాశాం, అసలు సంబంధం ఇదీ అని. మన అంతట మనం చెబితే పొరపాటు. వాళ్ళు కనిపెట్టేదాకా ఆగితే అబద్ధం. గెలుస్తామని మాటివ్వను. కానీ నీది మంచి కేసు. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?"

"పెట్టుకుంటే పట్టుకుంటారని. మూడో వీధి ఆయన..."

"ఆయన పెట్టుకోలేదమ్మా. ఎవడో ఏజెంటు మాట విని దొంగ కార్డు కొన్నాడు. నా దగ్గరికి వచ్చేసరికే ఆలస్యమైపోయింది."

మెట్లు దిగుతుంటే ఆమెకి మొన్నటి జాకెట్టు గుర్తొచ్చింది. ముందు వెనక్కి తేవాలి, చిక్కుకున్న గుడ్డ తియ్యాలి. ఊళ్ళోవాళ్ళ జిప్పులన్నీ బాగుచేస్తూ, తనది మాత్రం ఇన్నేళ్ళూ లాగుతూ కూర్చుంది.

కాగితాలన్నీ కుదిరాయి. ఫొటో ఒక్కటే కుదరలేదు. వాన రోజున తియ్యనే లేదు, పాతవాటికి కాలం చెల్లింది. ఊళ్ళో ఫొటో షాపు ఇంకోటి లేదా అంటే, ఉంది. ఆమె కాళ్ళకి దారి తెలియలేదు, అంతే.

అతను ఆమెని చూసి కుర్చీలోంచి లేచాడు. వాళ్ళమ్మ ఇద్దరి మొహాలూ చూసి, ఎవరూ అడక్కుండానే, "పాలు తేవాలి," అని చెప్పి వెళ్ళిపోయింది. ఫ్రిజ్‌లో పాలు ఉన్నాయి.

"పెట్టుకుంటున్నా. మంగళవారం కాగితాలు ఇవ్వాలి, అప్పుడే ఇంటర్వ్యూ," అంది.

"ఫొటో మంచిది తీస్తా."

స్టూలు మీద కూర్చుంది. చెవులు బయటపెట్టింది. పెదవి చివర వణుకు మొదలైంది, నవ్వు వచ్చేస్తోంది.

"మొన్న నేను తప్పు మాట్లాడాను," అన్నాడు అతను కెమెరా వెనక నుంచి. "సమస్య తీర్చడానికి కాదు. నాకు కావాలి కాబట్టి అడగాలి. మొదటిసారి బొత్తాం కుట్టారు చూడండి, ఆ చొక్కా ఇస్త్రీకి కూడా వెయ్యలేదు, వాళ్ళెక్కడ ఊడగొడతారో అని. మీరు ఆర్నెల్లకోసారి వస్తారని, నేను ఆర్నెల్లు ఎదురుచూస్తాను. మీరు ఆఫీసుకి పోకుండా వాయిదా వేస్తున్నారు, నేను ఈ మాట చెప్పకుండా వాయిదా వేస్తున్నాను. ఇద్దరం ఒకటే రకం. మీకు కార్డు వచ్చినా, రాకపోయినా, నాకు మీరంటే ఇష్టం. ఇంక వాయిదా వెయ్యను."

క్లిక్‌మంది.

అతను స్క్రీన్ వైపు చూసి నిలబడిపోయాడు. ఆమె దిగి వచ్చి పక్కన నిలబడి చూసింది. చెవులు ఉన్నాయి. గడ్డం నిటారుగా ఉంది. పెదవులు నిశ్చలంగా ఉన్నాయి. కళ్ళు ఎదురుగా ఉన్నవాణ్ణి సూటిగా చూస్తున్నాయి.

"నవ్వలేదు మీరు," అన్నాడు మెల్లగా.

"భయం వెయ్యలేదు," అంది ఆమె, ఇంకా మెల్లగా.

ప్రింటర్ గరగరమంది.

"జవాబు ఇప్పుడు చెప్పను," అంది ఫొటోలు తీసుకుంటూ. "నా కార్డు నా చేతికి వచ్చాక చెబుతా. రాకపోతే, రాలేదని చెప్పి మరీ చెబుతా. ఏదైనా నా కాళ్ళమీద నిలబడే చెబుతా. ఆఫీసువాళ్ళు ఎన్నాళ్ళు తీసుకుంటారో తెలియదు."

"ఆర్నెల్లు ఎదురుచూడడం నాకు అలవాటే."

"ఈసారి ఆర్నెల్లు ఆగక్కర్లేదు. మధ్యలో జిప్పు ఇరికించుకుని రావచ్చు."

ఇంటికొచ్చి మంగళవారం సంగతి చెబితే, పిన్ని చేతిలో గరిట వదిలేసి కుర్చీలో కూలబడింది.

"నిన్ను పట్టుకుపోతే మా అక్కకి ఏం చెప్పనే? పోయేముందు నా చెయ్యి పట్టుకుని నిన్ను అప్పజెప్పింది."

"అక్కకి చెప్పడానికి కాదు పిన్నీ, ఆఫీసర్‌కి చెప్పడానికి నువ్వు కావాలి. కూతురు అని రాసిన మాట ఎందుకు రాశారో నేనొక్కదాన్నే చెబితే సగమే. చిన్నమ్మ వచ్చి చెబితే పూర్తవుతుంది."

"నేనా? నాకు ఇక్కడి భాష సరిగా రాదు. నోరు తిరగదు. అక్కడ ఏదో అనేసి..."

అప్పటిదాకా పేపర్ వెనక ఉన్న బాబాయ్ మొహం బయటపెట్టాడు. ఆయన మాట్లాడితే ఏడాదికి ఒకసారి వాన పడ్డట్టు. "కూతురు అని రాసింది నేను. మళ్ళీ రాయమన్నా అదే రాస్తా. నేనూ వస్తున్నా," అని మళ్ళీ పేపర్ వెనక్కి వెళ్ళిపోయాడు.

ఆఫీసు గది చిన్నది. ఒక బల్ల, ఐదు కుర్చీలు, గడియారం. ఆఫీసర్ నడివయసు ఆవిడ. ఫైలు తిప్పి, అనుకున్న చోటే ఆగింది. లాయరమ్మ పక్కనే ఉన్నా, ప్రశ్న మాత్రం నేరుగా ఆ అమ్మాయికే వచ్చింది.

"ఇక్కడ మీరు ఈవిడ కూతురని ఉంది. మీరేమో కాదంటున్నారు. ఏది నిజం?"

ఆమెకి నవ్వొచ్చేసింది. గట్టిగానే వచ్చింది. పిన్ని మొహంలో రక్తం లేదు. ఆఫీసర్ కలం కింద పెట్టింది.

"ఇందులో నవ్వేదేముంది?"

ఆ అమ్మాయి ఊపిరి పీల్చుకుంది. దాచిపెట్టడం మానేద్దామని వచ్చింది కదా, ఇదొక్కటీ దాచడం ఎందుకు?

"నాకు భయమేస్తే నవ్వొస్తుందండీ. చిన్నప్పటినుంచీ అంతే. ఇన్నేళ్ళు ఇక్కడికి రాకుండా ఉన్నది కూడా భయంతోనే. మీరు అడిగినదానికి జవాబు, రెండూ నిజమే. నన్ను కన్నది మా అమ్మ. ఈవిడ మా అమ్మ చెల్లెలు. మా భాషలో ఈవిణ్ణి చిన్నమ్మ అంటాం, అంటే చిన్న అమ్మ. ఈవిడ నన్ను కూతురు అనే అంటుంది. ఆ కాగితంలో మా ఇంట్లో పిలిచే పిలుపు రాశారు. మీకు కావల్సింది వేరని వాళ్ళకి తెలియలేదు. తెలిశాక భయపడ్డారు."

ఆఫీసర్ పిన్ని వైపు తిరిగింది. "మీరేమంటారు?"

పిన్నికి నోరు తిరగలేదు. ఉన్న నాలుగు మాటలూ కూడబలుక్కుంది. "అక్క బిడ్డ. అక్క లేదు. నా బిడ్డ." ఇక మాటలు అయిపోయాయి. చేత్తో ఆ అమ్మాయి భుజం మీద జాకెట్టు ముడత సర్దింది, ఎప్పుడూ సర్దినట్టే.

ఆఫీసర్ ఆ చెయ్యి చూసింది. ఫైల్లో ఏదో రాసుకుంది. తరవాత ఇంకా చాలా అడిగింది, ఏ స్కూలు, ఏ ఇల్లు, ఏ ఏడు. అన్నిటికీ జవాబు వచ్చింది. నవ్వు మళ్ళీ రాలేదు.

"ఫొటో బాగుంది," అంది చివర్లో. "సాధారణంగా తిప్పి పంపుతుంటాం. అందరూ నవ్వుతారు."

ఎవరూ ఎవర్నీ పట్టుకోలేదు. ముగ్గురూ వెళ్ళిన తలుపులోంచే బయటికి వచ్చారు. బస్టాపులో పిన్ని చాలాసేపు వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది, ఎవరైనా పిలుస్తారేమోనని.

ఆ తరవాత ఎదురుచూపులు. అతని జాకెట్టు ఎన్నోసార్లు షాపుకి వచ్చింది. చివరికి జిప్పు నిజంగానే పాడైపోయి, కొత్తది వెయ్యాల్సి వచ్చింది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. పెళ్ళి మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. మాటంటే మాటే.

కార్డు వచ్చిన రోజు ఆమె మిషన్ మీద ప్యాంటు సగంలో వదిలేసి, వీధి దాటింది. వెనకే పిన్ని, మెడలో టేపుతో, చేతిలో కత్తెరతో.

"ఫొటో కావాలి," అంది ఆమె గుమ్మంలో నిలబడి.

అతని మొహం మాడిపోయింది. "మళ్ళీనా? తిప్పి పంపారా?"

"ఈ సైజు కాదు. పెద్దది. ఇద్దరు పట్టేది."

కౌంటర్ మీద కార్డు పెట్టింది. అతను దాన్ని చూశాడు, ఆమెని చూశాడు, మళ్ళీ దాన్ని చూశాడు. వాళ్ళమ్మ మాత్రం కార్డు తీసుకుని అందులోని ఫొటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది.

"మావాడికి నేను నేర్పిన కటింగే ఇది. అంచు చూడండి వదినగారూ, ఎంత తిన్నగా ఉందో," అంది పిన్నితో. వదినగారూ అన్న ఆ ఒక్క పిలుపుతో మాట్లాడాల్సినవన్నీ మాట్లాడేసినట్టయింది. పిన్ని కత్తెర కింద పెట్టి కళ్ళు తుడుచుకుంది.

"నిల్చోండి, నేను తీస్తా," అని వాళ్ళమ్మే కెమెరా దగ్గరికి వెళ్ళింది.

తెల్లగోడ ముందు ఇద్దరూ నిలబడ్డారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ.

"నాకు జవాబు చెప్పలేదు నువ్వు," అన్నాడు అతను, పెదవులు కదపకుండా.

"ఇక్కడ నిలబడ్డదాన్ని ఇంకేం చెప్పాలి? అవును."

"ఇప్పుడు నవ్వొచ్చా?"

"రూలేమీ లేదు."

అతను చెయ్యి చాపాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగానే పట్టుకున్నాడు. ఆమె నవ్వింది. ఈ నవ్వు ఆ నవ్వు కాదని వాళ్ళిద్దరికీ తెలుసు.

పిన్ని ముక్కు చీదుకుని, టేపు సర్దుకుని, అందరికీ వినపడేలా అంది:

"నేను చెప్పానా లేదా? పెట్టుకుంటే పట్టుకుంటారని."